మోకాలి ఎత్తు రంగు

పన్నెండు గదులు, రేకుల కప్పు.
గదికి నెలకు నాలుగువేల ఐదువందల షిల్లింగులు.
గిచుహి ఇచ్చిన కాగితంలో
ఒక్క గదీ ఖాళీ లేదు, ఒక్క నెలా ఖాళీ లేదు.
ఏడాదికి ఆరు లక్షల నలభై ఎనిమిది వేలు,
ధర యాభై నాలుగు లక్షలు.
నూటికి పన్నెండు, అన్నాడు
వండి వడ్డిస్తున్నట్టు.

మేం పద్నాలుగు మందిమి.
నైవాషా గులాబీ తోటల ముళ్ళు గీరిన చేతులు.
గురువారం గురువారం తలా మూడువందలు వేసి
తొమ్మిదేళ్ళకు, వడ్డీలు కలుపుకుని,
ఇరవై రెండు లక్షలు కూడబెట్టాం.
మిగతా ముప్పై రెండు సహకార సంఘం ఇస్తుంది,
నూటికి పదమూడున్నరకి.

"పన్నెండు తెచ్చేదాన్ని పదమూడున్నర పోసి కొంటామా?"
అడిగింది కెరుబో, మా కోశాధికారి.
పాతికేళ్ళు పూలకట్టలు కట్టిన మనిషి.
ఇరవై కాడల కట్టలో పందొమ్మిదే ఉంటే
కళ్ళకంటే ముందు ఆమె చెయ్యి ఆగుతుంది.

"అద్దె పెరుగుతుంది, నేల ధర పెరుగుతుంది,
వడ్డీ ఒక్కటే ఉన్నచోట ఉంటుంది," అంది చెప్‌కెమోయి.
అదీ నిజమే.
మినిట్స్ పుస్తకంలో రెండు మాటలూ రాశాను
పక్కపక్కనే.

మంగళవారం రాత్రి వెళ్ళాం, గిచుహికి చెప్పకుండా.
పన్నెండు కిటికీల్లోనూ దీపాలు!
నా ప్రాణం లేచొచ్చింది.
కెరుబో గోడవారన నిలబడి గాలి పీల్చింది.
"ఉగాలి ఎన్ని గదుల్లో ఉడుకుతోంది?"
ఏడు.
తెల్లవారేదాకా ఉన్నాం, చలికి ఒకే శాలువాలో.
కుళాయి దగ్గర వరసలో పసుపు డబ్బాలు ఎనిమిది;
ఒకావిడ రెండు తెచ్చుకుంది.
దీపానికి స్విచ్చు చాలు,
కాపురానికి నీళ్ళు కావాలి.

ఫిబ్రవరి పద్నాలుగు దాటితే
ఎక్కడో యూరప్‌లో ప్రేమ చల్లబడుతుంది,
ఇక్కడ గదులకు తాళాలు పడతాయి.
ఆ తాళాలకు గిచుహి కాగితంలో గడి లేదు.
సెప్టిక్ ట్యాంకు లారీకి లేదు,
తుప్పు పట్టిన రేకులకు లేదు,
నెలాఖరున పరుపు చుట్టుకుని మాయమయ్యేవాడికి లేదు.

బయల్దేరబోతూ ఆమె వంగింది.
గోడకు నేల నుంచి మోకాలి దాకా
పచ్చరంగు, కొత్తది.
పైన పాత సున్నం అలాగే ఉంది.
గోరుతో గీకింది.
రంగు కింద గోధుమ వన్నె చార,
గిన్నెలో చాయ్ ఎండిపోయిన అంచులా.
సరస్సు లేచిన ఏడాది
నీటిగుర్రాలు ఈ సందులోకే వచ్చాయి.
ఆమె ఏమీ అనలేదు,
గోరు తుడుచుకుంది.

గురువారం లెక్క చెప్పింది:
ఏడు గదులు, ఖర్చులు పోను మూడు లక్షలు,
ముప్పై లక్షలైతే మాట్లాడదాం.
గిచుహి ఫోన్లో నవ్విన నవ్వు
స్పీకర్లో అందరం విన్నాం.
చేతులెత్తితే ఎనిమిది వద్దు, ఆరు కావాలి.
నా చెయ్యి ఎటు లేచిందో ఇక్కడ రాయను.

చెప్‌కెమోయి సంచీ భుజానికి తగిలించుకుంటూ అంది:
"తొమ్మిదేళ్ళు జాగ్రత్తపడ్డాం కెరుబో,
జాగ్రత్త అద్దె కట్టదు."
కెరుబో దగ్గర దానికి అంకె లేదు.
పుస్తకంలో ఆ రోజు ఖర్చు మాత్రం రాయించింది:
బోడాబోడా రెండువందలు,
చాయ్ అరవై.

ఆ గదుల్ని చర్చి మగవాళ్ళ సంఘం కొన్నది.
రెండు వర్షాకాలాలు పోయాయి,
సరస్సు రాలేదు.
పన్నెండు తలుపుల ముందు పన్నెండు జతల బూట్లు
నా కళ్ళతో చూశాను.
నేల ధర పెరిగిందని కూడా విన్నాను.

బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు
కెరుబో ఇప్పటికీ కిటికీ వైపే కూర్చుంటుంది.
మనుషుల్ని చూడదు, తలుపుల్ని చూడదు,
మోకాలి ఎత్తున
వెలిసిపోతున్న పచ్చరంగును చూస్తుంది.
తన లెక్క తప్పని కోరుకుంటోందో
ఒప్పని కోరుకుంటోందో
పక్కనే కూర్చుని కూడా
నాకు తెలియదు.